నవ్వించిన సీను పక్కనే ఏడిపించే సీను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాలు దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఒకే కథలో కామెడీ, ఎమోషన్ రెండూ పెట్టినప్పుడు అతుకు ఎందుకు కనబడుతుంది? దాన్ని స్క్రిప్టులో, సెట్లో, ఎడిట్ టేబుల్ దగ్గర ఎలా సరిచేయాలి? అడిగినవాళ్లలో ఎక్కువమంది షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు తీస్తున్నవాళ్లే. అందుకే జవాబులు కూడా పనిలోకి దిగేటట్టే ఇస్తున్నాం.

ప్రశ్న: 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. ఇంటిపెద్ద పోతే పెద్దకర్మకి చుట్టాలంతా దిగుతారు. గురకపెట్టే బాబాయి, వంటవాళ్లతో గొడవపడే మేనత్త మొదటి 12 నిమిషాలు బాగా నవ్విస్తారు. ఆ తర్వాత అన్నదమ్ములు పొలం దగ్గర విడిపోతారు. చూసినవాళ్లంతా ‘రెండు సినిమాలు అతికించినట్టుంది’ అంటున్నారు. రీషూట్‌కి ఒక్క రోజే ఉంది. ఏం చేయాలి? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: నిమిషాల లెక్క మార్చినా మీ అతుకు పోదు. మీ సినిమాలో నవ్వు ఒకళ్ల దగ్గర పుడుతోంది, బాధ ఇంకొకళ్ల దగ్గర. బాబాయి, మేనత్త 13వ నిమిషంలో కథలోంచి తప్పుకున్నారు. అన్నదమ్ములు అప్పటిదాకా కథలోకే రాలేదు. ప్రేక్షకుడు 12 నిమిషాలు దగ్గరైన మనుషుల్ని వదిలేసి, పరిచయం లేనివాళ్ల కోసం కన్నీళ్లు పెట్టుకోవాలి. అది జరగదు.

2023లో వచ్చిన ‘బలగం’ కూడా ఇంటిపెద్ద చావు చుట్టూ అల్లిన కథే. దర్శకుడు వేణు యెల్దండి అంతకుముందు కామెడీ నటుడిగానే జనానికి తెలుసు. ఆ సినిమాలో బావ, బావమరిది మధ్య ఏళ్ల తరబడి మాటల్లేవు. దానికి కారణం విందులో నల్లిబొక్క (మూలుగు ఎముక) దగ్గర వచ్చిన పట్టింపు. వింటే నవ్వొస్తుంది. కానీ ఆ పట్టింపు వల్లే ఒక ఆడబిడ్డకి పుట్టింటి గడప దూరమైంది. నవ్వించిన కారణమూ ఏడిపించిన కారణమూ ఒక్కటే. మనవడి సంగతి కూడా అంతే. అప్పుల్లో మునిగి, పెళ్లి కుదిరితే గట్టెక్కుతానని చూస్తున్నవాడికి సరిగ్గా ఆ సమయంలో తాత పోయాడు. ఇల్లంతా ఏడుస్తుంటే అతడి దిగులు ఇంకో దాని గురించి కాబట్టి నవ్వుతాం. కాకి పిండం ముట్టని రోజున ఆ నవ్వులన్నీ లెక్కకొస్తాయి.

ఇప్పుడు మీ సినిమాకి వద్దాం. ఒక కాగితాన్ని నిలువునా రెండు గళ్లు చేయండి. ఎడమవైపు సినిమాలో వచ్చే ప్రతి నవ్వూ రాయండి, కుడివైపు ప్రతి బాధా రాయండి. ఎడమవైపు ఉన్నదాన్ని కుడివైపు ఉన్నదానితో కలిపే మనిషో, వస్తువో, డబ్బో, మాటో ఉంటే గీత గీయండి. గీత పడని నవ్వులు ఎంత బాగున్నా ముందు అవే పోవాలి. మీరు చెప్పిన దాన్నిబట్టి గురక పోతుంది, మేనత్త మిగలొచ్చు. ఎందుకంటే వంటవాళ్లతో ఆవిడ గొడవ ఖర్చు గురించి. ఆ ఖర్చు ఎవరు పెట్టారన్నదే అన్నదమ్ముల గొడవగా మార్చొచ్చు.

రీషూట్ రోజున కొత్తగా ఏడుపు సీను తీయొద్దు. మొదటి సగంలో పడే రెండు చిన్న సీన్లు తీయండి. ఒకటి: టెంట్ హౌస్ వాడితో పెద్దకొడుకు కుర్చీల అద్దె దగ్గర గీచిగీచి బేరమాడుతుంటాడు, తమ్ముడు వచ్చి అడిగినంత చేతిలో పెట్టేస్తాడు. బేరం నవ్విస్తుంది. ఆ తర్వాత అన్న మొహం మీద మూడు సెకన్లు ఉండండి, అంతకన్నా వద్దు. రెండోది: సినిమా మొదలైన మూడు నిమిషాల్లోపు నవ్వు లేని ఒక్క క్షణం. పోయినాయన కళ్లజోడు ఎవరో తీసి ఎక్కడ పెట్టాలో తెలీక మళ్లీ అక్కడే పెట్టడం లాంటిది చాలు. ఈ కథలో బాధకి కూడా చోటుందని ప్రేక్షకుడికి ముందే తెలియాలి. ఇంకొక్కటి, చివరి పది నిమిషాల్లో మేనత్తకి ఒక మాట ఇవ్వండి. అన్నదమ్ములు విడిపోయాక మిగిలిన అరిసెలు ఎవరింటికి ఎన్ని అని ఆవిడ రెండు వాటాలు వేస్తుంటే, మొదటి సగంలో నవ్వించిన మనిషే రెండో సగం బరువు మోస్తుంది.

ప్రశ్న: బాగా నవ్వించే సీను అయిన వెంటనే చావు కబురు వస్తుంది. ప్రీమియర్లో ఆ కబురు డైలాగ్‌కి కూడా నవ్వారు. నటుడు బాగానే చేశాడు. తప్పెక్కడుంది? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: నవ్వే ఊపులో ఉన్న హాలు తర్వాతి రెండు మూడు డైలాగుల్ని కూడా జోకులనే అనుకుంటుంది. అది నటుడి తప్పు కాదు, మీరు మధ్యలో చోటు వదల్లేదు.

మన ఆలంకారికులు, అంటే కావ్యాల్లో రసాల గురించి రాసిన పాతకాలపు పండితులు, హాస్యానికి కరుణరసం విరోధి అన్నారు. విరుద్ధమైన రెండు రసాలు ఒకేచోట రావాల్సి వస్తే మధ్యలో రెంటికీ విరోధం లేని మూడోదాన్ని పెట్టమని ‘ధ్వన్యాలోకం’లో ఆనందవర్ధనుడు ఉపాయం చెప్పాడు. ‘నాగానందం’ నాటకంలో శాంతం, శృంగారం రెండూ ఇమడటాన్ని ఉదాహరణగా చూపించాడు. అక్కడ మధ్యలో ఉన్నది అద్భుతరసమని తర్వాతి ఆలంకారికులు వివరించారు. వెయ్యేళ్లు దాటిన ఆ మాట ఇవాళ ఎడిటింగ్‌లో యథాతథంగా పనికొస్తుంది.

మీ సీనులో ఇలా చేయండి. ఉన్నవాటిలో పెద్ద పంచ్‌ని సీను చివర ఉంచకండి, దాన్ని ముందుకు జరిపి చివర చిన్న నవ్వుతో ముగించండి. తర్వాత 8 నుంచి 15 సెకన్లు ఎవరో మామూలు పని చేస్తుండాలి. షట్టర్ దించడం, చెప్పులు వెతుక్కోవడం, ఎంగిలి పళ్లాలు తీయడం, ఏదైనా సరే. ఆ షాట్ కాస్త దూరం నుంచి తీయండి, మాటలు వద్దు, మ్యూజిక్ వద్దు. హాల్లో నవ్వు తగ్గి, ఇప్పుడేం జరుగుతుందోనన్న కుతూహలం మొదలయ్యాక కబురు రావాలి. కబురు చెప్పేవాడు అంతకుముందు నవ్వించినవాడు కాకూడదు. అతడే చెప్పక తప్పకపోతే ముందు అతడు చెప్పలేక ఆగిపోవడం కనబడాలి. ఫోన్ రింగ్‌టోన్‌గా తమాషా పాట పెట్టి ఉంటే వెంటనే మార్చండి. చాలామంది దీన్ని పట్టించుకోరు.

విరామం లేకుండా నవ్వు మీదనే దెబ్బ కొట్టడం కూడా ఒక పద్ధతే. కొరియా యుద్ధంలో సైనిక ఆస్పత్రి నేపథ్యంగా సాగిన అమెరికన్ టీవీ సిరీస్ ‘మ్యాష్’లో 1975 నాటి ఒక ఎపిసోడ్ ఉంది. కల్నల్ హెన్రీ బ్లేక్ ఇంటికి వెళ్లిపోతున్నాడని ఎపిసోడంతా నవ్వులతో, వీడ్కోళ్లతో నడుస్తుంది. చివర ఆపరేషన్ గదిలోకి కుర్రాడొకడు వచ్చి, ఆయన ఎక్కిన విమానాన్ని కూల్చేశారని, ఎవరూ బతకలేదని చెబుతాడు. డాక్టర్లు పని ఆపరు. కింద పడిన పరికరం చప్పుడు ఒక్కటే గట్టిగా వినిపిస్తుంది. ఛానెల్ పట్టుబట్టడంతో ఆ సిరీస్‌కి రికార్డు చేసిన నవ్వులు కలిపేవాళ్లు. కానీ ఆపరేషన్ గది సీన్లలో మాత్రం ఆ నవ్వులు పెట్టకూడదని నిర్మాతలు ముందునుంచీ ఒప్పించుకున్నారు. కాబట్టి అక్కడ నవ్వులుండవని ప్రేక్షకుడికి అలవాటైంది. దెబ్బ అకస్మాత్తుగా తగిలినా, అది తగిలే చోటుని ఎన్నో ఎపిసోడ్ల ముందే సిద్ధం చేసి ఉంచారన్నమాట. మీ కథలో అలాంటి చోటు ఉంటేనే ఈ పద్ధతికి పోండి. అదీ సినిమా మొత్తానికి ఒక్కసారే.

ప్రశ్న: ఆస్పత్రి సీనులో హీరో స్నేహితుడు ఒక పంచ్ వేస్తాడు. డైరెక్టర్ ఉంచాలంటాడు, నేను తీసేయాలంటున్నా. ఎవరు రైటు? (రచయిత, హైదరాబాద్)

జవాబు: పంచ్ చదవకుండా తీర్పు చెప్పలేం గానీ, తేల్చుకునే దారి చెబుతాం. ఆ జోకు వేసే అవసరం స్నేహితుడికి ఉందా, మీకుందా? భయపడ్డవాడు, గిల్టీగా ఉన్నవాడు, మంచం మీద ఉన్నవాణ్ణి ఎదుర్కోలేనివాడు జోకులు వేస్తాడు. అప్పుడు అది అతడి స్వభావంలో భాగం, ఉంచేయండి. సీను బరువెక్కింది, కాస్త తేలిక చేద్దామని మీరు వేయిస్తే అది పాత్ర నోట్లో రచయిత గొంతు.

ఒక పరీక్ష చేయండి. ఆ పంచ్‌కి మంచం మీద ఉన్న మనిషి ఏమంటాడో రాయండి. జవాబు వస్తే, అంటే నవ్వడమో, కసురుకోవడమో, మొహం తిప్పుకోవడమో జరిగి సీను ఒక అడుగు కదిలితే, జోకు కథలోదే. ఎవరూ ఏమీ అనకుండా తర్వాతి డైలాగ్ యథావిధిగా నడిచిపోతే అది పైనుంచి పెట్టిన ముక్క, తీసినా ఎవరికీ తెలియదు.

చోటు కూడా ముఖ్యమే. కన్నీళ్లకి ముందు పడిన జోకు కన్నీళ్లని పెంచుతుంది, తర్వాత పడితే తుడిచేస్తుంది. ఏడుపు తర్వాత ప్రేక్షకుణ్ణి మళ్లీ నవ్వులోకి తేవాలంటే ఆ మొదటి నవ్వు దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర్నుంచే రావాలి, చిన్నదిగా రావాలి. ఏడ్చిన మనిషి నవ్వితే మనకీ నవ్వడానికి అనుమతి దొరుకుతుంది. పక్కవాడు నవ్విస్తే కోపమొస్తుంది.

ప్రశ్న: ఎడిటింగ్‌లో, ఆర్ఆర్‌లో (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) కామెడీకీ ఎమోషన్‌కీ వేర్వేరు కొలతలుంటాయా? (ఎడిటింగ్ నేర్చుకుంటున్న పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఉంటాయి. సెకనుకి 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పంచ్ చివరి అక్షరం తర్వాత 12 నుంచి 18 ఫ్రేములు వదిలి కట్ చేస్తే ఫోన్లో, టీవీలో చూసేవాడికి సరిపోతుంది. థియేటర్‌కైతే ఆ నవ్వు ఆగడానికి రెండు సెకన్ల దాకా డైలాగ్ లేని రియాక్షన్ షాట్ కావాలి. లేకపోతే తర్వాతి డైలాగ్ నవ్వుల్లో కొట్టుకుపోతుంది. కథకి కీలకమైన పేరో, తేదీయో ఆ డైలాగ్‌లో ఉంటే సినిమా మొత్తం అర్థం కాకుండా పోయే ప్రమాదముంది.

ఎమోషన్‌లో ఈ లెక్క పనికిరాదు. డైలాగ్ అయ్యాక నటుడి ఊపిరి, చూపు ఎక్కడ దిగుతాయో అక్కడిదాకా ఉండాలి. అది దొరకాలంటే సెట్లో డైరెక్టర్ ‘కట్’ ఆలస్యంగా చెప్పాలి. డైలాగ్ ముగిశాక మరో పది సెకన్లు కెమెరా నడవనివ్వండి. మీకు కావాల్సింది చాలాసార్లు అందులోనే ఉంటుంది. కామెడీ సీన్లకి తీసిన వేగంతోనే ఎమోషన్ సీను కూడా తీస్తే ఎడిటర్ దగ్గర వాడుకోడానికి ఏమీ మిగలదు.

ఆర్ఆర్ దగ్గర జరిగే పొరపాటు ఎక్కువగా కామెడీ సీన్లలోనే మొదలవుతుంది. ప్రతి పంచ్‌కీ ‘టుయ్’మనో ‘టింగ్’మనో ఎఫెక్ట్ వేస్తే, ఎప్పుడు నవ్వాలో మ్యూజిక్ చెబుతుందని ప్రేక్షకుడు అలవాటు పడతాడు. బరువైన సీనులో నిశ్శబ్దం పెట్టగానే ఏదో లోపించినట్టనిపిస్తుంది, దాంతో భయపడి అక్కడ వయొలిన్లు కుమ్మరిస్తారు. ఎఫెక్టులు మొత్తం తీసి ఒకసారి చూడండి. అవి లేకపోతే నవ్వు రాని పంచ్‌లు పంచ్‌లే కాదు. నవ్వించే సీన్లకి వాడిన చిన్న బాణీనే తర్వాత వేగం తగ్గించి ఒక్క వాయిద్యం మీద వినిపిస్తే రెండు సగాలూ కలుస్తాయి. మొదలుపెట్టే చోటు: నటుడి మొహం మారిన మూడు నాలుగు సెకన్ల తర్వాత. ముందే మొదలైతే ‘ఇప్పుడు ఏడవండి’ అని చెప్పినట్టవుతుంది.

మరో మాట. ప్రతి లొకేషన్లో షూటింగ్ అయ్యాక అందర్నీ ఒక్క నిమిషం కదలొద్దని చెప్పి రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే మామూలు చప్పుడు, రికార్డు చేయించండి. మ్యూజిక్ తీసేసిన చోట నిజంగా ఏ శబ్దమూ లేకపోతే సౌండ్ పోయిందనుకుంటారు. ఫ్యాన్ చప్పుడో, దూరంగా కుక్క అరుపో ఉండాలి. డబ్బింగ్ చేస్తున్నవాళ్లైతే పైలట్ ట్రాక్‌లో (షూటింగ్ అప్పుడు సెట్లోనే రికార్డైన సౌండ్) నటుడి ఊపిరి, గుటకలు పనికొస్తాయేమో వెతికి ఉంచుకోండి. డబ్బింగ్ థియేటర్లో అవి మళ్లీ అలా రావు.

ప్రశ్న: కామెడీతో పేరొచ్చిన నటుణ్ణి తండ్రి పాత్రకి తీసుకున్నాం. ఏడ్చినా జనం నవ్వుతారేమోనని భయంగా ఉంది. (గుంటూరు పాఠకుడు)

జవాబు: భయం వద్దు. బ్రహ్మానందాన్ని మించి నవ్వుకి గుర్తు అయిపోయిన మొహం మనకి లేదు. 2023లో ‘రంగమార్తాండ’లో ఆయన రంగస్థల నటుడిగా బరువైన పాత్ర చేస్తే జనం కళ్లు తుడుచుకున్నారు. టైమింగ్ తెలిసినవాడికి మౌనం ఎంతసేపు ఉండాలో కూడా తెలుస్తుంది.

అయితే మొదటి సీనులోనే ఏడిపించకండి. అతడు కనబడగానే నవ్వు వస్తుంది, రానివ్వండి. తన మామూలు చమత్కారంతో కొడుకుని నవ్వించబోతే కొడుకు నవ్వకపోవడం తీయండి. జనానికి తెలిసిన విద్య అక్కడ పని చేయలేదు, అప్పటినుంచి ఆ మనిషిని జాగ్రత్తగా చూస్తారు.

కామెడీ నటుల్లో చాలామందికి డైలాగ్ అయ్యాక ముక్తాయింపు ఇచ్చే అలవాటుంటుంది. కనుబొమ్మ ఎత్తడమో, పెదవి బిగించడమో, ఓరగా చూడడమో. అది లేకుండా చేయమంటే నటుడు బిగుసుకుపోతాడు. చేతులకి పని ఇవ్వండి. చొక్కా గుండీ కుట్టుకోవడం, మందుబిళ్లలు లెక్కపెట్టడం లాంటివి. చూపు పని మీద ఉంటే ముక్తాయింపు దానంతటదే పోతుంది. మొదటి టేకు మిడ్ షాట్‌లో (నడుము పైనుంచి కనబడేలా), మొహం కాస్త పక్కకి ఉండేలా పెట్టండి, ఎదురు క్లోజప్‌ని చివరికి ఉంచండి. ఆ పూట సెట్లో యూనిట్ తక్కువ ఉండాలి. మానిటర్ దగ్గర ఒకరు కిసుక్కున నవ్వినా ఆయన తెలీకుండానే ఆ నవ్వుకి నటిస్తాడు.

ప్రశ్న: కథతో సంబంధం లేని కామెడీ ట్రాకులు మన సినిమాల్లో ఎందుకు వచ్చాయి? పాత సినిమాల్లోనూ ఉండేవా? (అనంతపురం పాఠకురాలు)

జవాబు: వేరుగా రాసి, వేరుగా తీసి, కథ మధ్యలో పెట్టేయడంలో సౌకర్యం ఉంది. హాస్యనటుల కాల్షీట్లు కొన్ని రోజులకే తీసుకోవచ్చు, హీరో డేట్లతో పని లేదు, నిడివి ఎక్కువైతే కథ చెడకుండా కత్తిరించొచ్చు. కష్టం కూడా అక్కడే. కత్తిరించినా కథకి లోటు లేదంటే ఉంచినా కలిసొచ్చేది లేదు.

పాతవాటిలో నేర్చుకోదగ్గది కమలాకర కామేశ్వరరావు తీసిన ‘గుండమ్మ కథ’ (1962). సూర్యకాంతం చేసిన గుండమ్మ వల్లే మనం నవ్వుతాం, సావిత్రి చేసిన సవతి కూతురు లక్ష్మి ఆ ఇంట్లో పనిమనిషిలా బతకడమూ గుండమ్మ వల్లే. ఒకే నోటి దురుసు ఒక సీనులో హాస్యం, ఇంకో సీనులో హింస. ఎన్టీఆర్ పాత్ర అంజిగా పనివాడి వేషంలో వచ్చి ఆడే నాటకం నవ్విస్తుంది, దాని ఫలితం లక్ష్మి జీవితం మారడం. చివరికొచ్చేసరికి ఛాయాదేవి పాత్ర చేతిలో గుండమ్మ నానా అవస్థ పడుతుంటే ఆవిడ మీదే జాలి పుడుతుంది. హాస్యాన్ని విడదీసి చూపించమంటే ఈ సినిమాలో అది కుదరదు. స్క్రీన్‌ప్లే నేర్చుకునేవాళ్లు కాగితం పెట్టుకుని సీన్ ఆర్డర్ రాసుకుంటూ చూడాల్సిన సినిమా ఇది.

ప్రశ్న: లావుగా ఉన్న పాత్ర మీద మొదట్లో జోకులు వేసి, తర్వాత ఆమె బాధ చూపిస్తే బ్యాలెన్స్ అవుతుంది కదా? (పేరు, ఊరు రాయలేదు)

జవాబు: అవదు. మొదట ప్రేక్షకుణ్ణి వెక్కిరించేవాళ్ల పక్కన కూర్చోబెట్టారు, తర్వాత ఆమె పక్కకి రమ్మంటున్నారు. చాలామంది రారు, వచ్చినవాళ్లు మిమ్మల్ని నమ్మరు. ఆమె ఒళ్లు, రంగు, నత్తి, వైకల్యం జోకులు కావు. ఆమె కోరిక, పంతం, అబద్ధం, పిసినారితనం మీద నవ్వించండి. అవి మార్చుకోగలిగినవి, కథని నడిపేవి. ఆ జోకులు తీసేస్తే సీనులో ఏమీ మిగలకపోతే సీను మళ్లీ రాసుకోవాలి.

ప్రశ్న: 25 నిమిషాల ఎపిసోడ్లు ఏడింటితో వెబ్ సిరీస్ రాస్తున్నాం. ఓటీటీ వాళ్లు ‘ఇది కామెడీనా, డ్రామానా’ అని అడుగుతున్నారు. (ఇద్దరు రచయితలు, విశాఖపట్నం)

జవాబు: ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. జైలు నేపథ్యంలో నడిచే అమెరికన్ సిరీస్ ‘ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్’ ఎమ్మీ అవార్డులకి 2014లో కామెడీ విభాగంలో, 2015లో డ్రామా విభాగంలో నామినేట్ అయింది. అదే సిరీస్, అవే పాత్రలు. మధ్యలో ఎమ్మీలిచ్చే టెలివిజన్ అకాడమీ అరగంట ఎపిసోడ్లని కామెడీగా, గంటవాటిని డ్రామాగా లెక్కించే నిబంధన పెట్టింది. పేరు ఏది పెట్టినా ఫరవాలేదు, మొదటి ఎపిసోడ్ మొదటి ఐదు నిమిషాల్లో రెండూ కనబడాలి. మూడో ఎపిసోడ్ దాకా కామెడీ మాత్రమే నడిపి నాలుగో దాంట్లో చావు చూపిస్తే, కామెడీ కోసం వచ్చినవాళ్లు మానేస్తారు, డ్రామా ఇష్టపడేవాళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు.

సీన్లు రెండు రంగుల కార్డుల మీద రాసి గోడకి అతికించండి. ఒకే రంగు వరసగా నాలుగైదు వచ్చిన చోట ఆగి చూడండి. ఒకటి విడిచి ఒకటి పేర్చకండి, ఆ లయ రెండో ఎపిసోడ్‌కల్లా ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. రెండు రంగులూ ఉన్న కార్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, అవే మీ సిరీస్‌కి ప్రాణం. ఒక్కటీ లేకపోతే మీరు రెండు సిరీస్‌లు రాస్తున్నారు. ప్రతి ఎపిసోడ్‌నీ కన్నీళ్లతో ముగించకండి. మూడింటికి ఒకటి నవ్వుతోనో, సగంలో ఆగిన గొడవతోనో ముగియాలి, లేకపోతే చివరి రెండు నిమిషాలకి ముందే ప్రేక్షకుడు మనసు గట్టిచేసుకుంటాడు.

స్క్రిప్టు పూర్తయ్యాక మీ యూనిట్‌కి సంబంధం లేని ఆరుగురినో ఎనిమిదిమందినో కూర్చోబెట్టి రెండు ఎపిసోడ్లు పైకి చదివించండి. ఒకరు చదవాలి, ఒకరు స్క్రిప్టు చూడకుండా వాళ్ల మొహాలే చూస్తూ గుర్తులు పెట్టుకోవాలి: నవ్విన చోట ఒక గుర్తు, ఫోన్ తీసిన చోట ఒకటి, కదలకుండా విన్న చోట ఒకటి. మీరు నవ్వు అనుకున్న చోట కదలకుండా వింటే కంగారుపడి జోకు పెంచకండి, అక్కడ మీకు తెలీకుండానే డ్రామా పుట్టింది. ఏడుపనుకున్న చోట నవ్వితే ఆ పేజీని వదిలేసి, దానికి ముందున్న రెండు పేజీలు తిరగరాయండి.